వైరస్ వెనకాలే వచ్చే బూజు

2021 మే నెలలో హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు నిలబడ్డవాళ్లలో చాలామంది కొవిడ్ గండం గట్టెక్కామనుకున్నవాళ్లే. జ్వరం తగ్గింది, ఆక్సిజన్ అవసరం తీరింది, ఇంటికి చేరారు. ఆ తరువాత ఒకవైపు చెంప మొద్దుబారింది. పైపళ్లు కదిలాయి. కన్ను వాచి రెప్ప వాలిపోయింది. ముక్కులోంచి నల్లటి చెక్కులు రాలాయి. తెలంగాణ ప్రభుత్వం ఆ ఆస్పత్రిని ఈ జబ్బుకు ప్రధాన కేంద్రంగా చేసి, మ్యూకర్‌మైకోసిస్‌ను అంటువ్యాధుల చట్టం కింద నోటిఫై చేసింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. జులై నాటికి దేశవ్యాప్తంగా 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు నమోదైనట్టు కేంద్రం పార్లమెంటుకు చెప్పింది.

అదే వైరస్ యూరప్ ఐసీయూల్లో మరో బూజును వెంటబెట్టుకొచ్చింది. దాని పేరు ఆస్పర్‌జిల్లస్. నలభై ఏళ్లు వెనక్కి వెళితే, ఎయిడ్స్ రోగులను బలిగొన్నవి ఈ రెండూ కావు, న్యూమోసిస్టిస్, క్రిప్టోకాకస్. ‘వైరస్ వస్తే ఒంట్లో శక్తి తగ్గుతుంది, శక్తి తగ్గితే ఫంగస్ పడుతుంది’ అని మనం తేలిగ్గా అనేస్తాం. రోగనిరోధక శక్తి అనేది సీసాలో నూనెలా ఒకే సరుకైతే, హెచ్‌ఐవీ ముదిరినవాళ్లకు మ్యూకర్ విరివిగా రావాలి. కానీ వాళ్లలో అది అరుదు. కాబట్టి ప్రశ్నను మార్చి అడగాలి. ఏ వైరస్ ఏ కాపలాను పడగొడుతోంది? ఆ కాపలా అప్పటిదాకా ఏ ఫంగస్‌ను ఆపుతోంది? ఆ మధ్యలో మన మందులు, మన షుగరు ఎంత పాలు పంచుకున్నాయి?

ఎవరి కాపలా ఎవరి మీద

బూజు సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. రోజూ మనం వాటిని పీలుస్తూనే ఉంటాం. శ్వాసనాళాల లోపలి పొర మీద ఉండే సన్నని నూగు వాటిని చీమిడితో కలిపి పైకి నెట్టేస్తుంది. అది దాటి ఊపిరితిత్తుల గాలి తిత్తుల్లోకి చేరినవాటిని అక్కడ కాచుకుని ఉండే మాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి. వాటి చేతికీ చిక్కకుండా మొలకెత్తి పోగులు చాచినవాటి మీదకు న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు దూకుతాయి. ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ జాతుల విషయంలో ప్రధానమైన అడ్డుకట్టలు ఈ మూడే.

క్రిప్టోకాకస్, హిస్టోప్లాస్మా, టాలరోమైసిస్ వంటివాటి తీరు వేరు. మింగిన మాక్రోఫేజ్ కడుపులోనే ఇవి బతకగలవు. వాటిని చంపాలంటే ఆ మాక్రోఫేజ్‌ను ఉసిగొల్పే టి కణాలు కావాలి. టి కణాలు ఉన్నంతకాలం ఇవి చావకపోయినా, ఏళ్ల తరబడి ఓ మూల అణిగి ఉంటాయి.

ఈ పని విభజన గుర్తుంచుకుంటే ఏ వైరస్ వెనక ఏ ఫంగస్ వస్తుందో చాలావరకు ముందే ఊహించవచ్చు.

హెచ్‌ఐవీ: అణిగినది లేచినప్పుడు

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారపత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకు న్యూమోసిస్టిస్ న్యుమోనియా వచ్చిందన్నది దాని సారాంశం. ఎయిడ్స్ గురించి ప్రపంచానికి అందిన తొలి కబురు అదే. హెచ్‌ఐవీని గుర్తించింది 1983లో. న్యూమోసిస్టిస్‌ను అప్పట్లో ఏకకణ పరాన్నజీవి అనుకునేవారు. అది ఫంగస్ అని 1988లో జన్యు పరీక్షలు తేల్చాయి. వైరస్ కంటే ముందు దొరికిపోయింది దాని వెనక వచ్చిన బూజు.

హెచ్‌ఐవీ దెబ్బ తీసేది సీడీ4 టి కణాలను. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 500కు పైగా ఉండే ఈ కణాలు 200 కంటే తగ్గితే న్యూమోసిస్టిస్, 100 కంటే తగ్గితే క్రిప్టోకాకస్ మెదడుపొరల వాపు ముప్పు పెరుగుతాయి. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,52,000 మందికి క్రిప్టోకాకస్ మెనింజైటిస్ వస్తే, 1,12,000 మంది చనిపోతున్నారు. ఎయిడ్స్ మరణాల్లో దాదాపు ఐదో వంతు ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి కాబట్టి, విడవని తలనొప్పితో వచ్చి వెన్ను నీరు తీయించుకున్న రోగులు ఇక్కడి పెద్దాస్పత్రుల వైద్యులకు కొత్త కాదు.

ఫంగస్ కొత్తగా సోకనక్కర లేదన్నది హెచ్‌ఐవీ నేర్పిన మరో పాఠం. ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ ఆఫ్రికా మూలాలవారిలో దొరికిన క్రిప్టోకాకస్ జన్యురూపం, ఐరోపా రోగుల్లో దొరికినదాన్ని కాక ఆఫ్రికా రకాన్ని పోలి ఉందని 1999లో ఒక పరిశోధన చూపింది. వాళ్లు ఏళ్ల తరబడి ఆఫ్రికా వెళ్లనేలేదు. ఎప్పుడో పీల్చిన బీజం టి కణాలు పడిపోయాక లేచిందన్నమాట. ఆగ్నేయాసియాలో వెదురు ఎలుకలతో ముడిపడిన టాలరోమైసిస్ కూడా అంతే. మన దేశంలో అది మణిపూర్ హెచ్‌ఐవీ రోగుల్లో బయటపడింది. ఊరు వదిలినా ఊరి బూజు మనిషిని వదలదు. ఎక్కడ పుట్టి పెరిగారు, ఎక్కడెక్కడ పనిచేశారు అన్న ప్రశ్న డాక్టరు అడగకపోతే సగం జబ్బు అర్థం కాదు. అమెరికాలో అరిజోనా, కాలిఫోర్నియాల పొడి నేలల్లో కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ ఉంటుంది. ఫీనిక్స్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు అది తెచ్చే ‘వ్యాలీ ఫీవర్’ పేరు పరిచయమే ఉంటుంది. దగ్గు, జ్వరం, నీరసం కొవిడ్‌కూ దానికీ ఒకే తీరు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని మరిచిపోవడం చాలా సులువు.

మూడో పాఠం వైద్యులను బాగా కలవరపెట్టింది. వైరస్‌ను అణిచేస్తే ఫంగస్ కూడా అణుగుతుందనుకోవడం సహజం. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో 177 మందితో నడిచిన కోట్ అనే పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. క్రిప్టోకాకస్ చికిత్స మొదలైన ఒకటి రెండు వారాలకే హెచ్‌ఐవీ మందులు ఇచ్చినవారిలో 26 వారాల నాటికి 45 శాతం చనిపోయారు. అయిదు వారాలు ఆగి ఇచ్చినవారిలో 30 శాతం. మెదడులో ఇంకా ఫంగస్ పేరుకుని ఉండగా టి కణాలు ఒక్కసారిగా తిరిగొస్తే, అవి రేపే వాపే ప్రాణం తీయగలదు. కాపలా తిరిగి రావడానికీ ఒక వేళ ఉంది.

ఫ్లూ: గోడ కూలినప్పుడు

ఇన్‌ఫ్లుయెంజా టి కణాల జోలికి హెచ్‌ఐవీలా పోదు. అది శ్వాసనాళాల లోపలి పొరను ఒలిచేస్తుంది. నూగు రాలిపోతుంది, చీమిడి కదలదు, పీల్చిన బీజం పడ్డచోటే పాతుకుపోతుంది. ఫ్లూ తరువాత ఆస్పర్‌జిల్లోసిస్ వచ్చిన రోగి గురించి 1952లోనే బ్రిటన్ వైద్య పత్రికలో రాశారు. అయినా దాన్ని అరుదైన వింతగానే చూశారు. 2009 హెచ్1ఎన్1 తరువాత కేసులు పెరిగాయి.

ఆ చూపును మార్చింది 2018లో నెదర్లాండ్స్, బెల్జియంల నుంచి వచ్చిన అధ్యయనం. ఏడు ఐసీయూల్లో తీవ్రమైన ఫ్లూతో చేరిన 432 మందిని పరిశీలిస్తే 19 శాతం మందికి ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ చొరబడింది. రోగనిరోధక లోపాలున్నవారిలో అది 32 శాతం. అలాంటి లోపమేదీ లేనివారిలోనూ 14 శాతం. ఫ్లూ కాకుండా వేరే కారణంతో తీవ్ర న్యుమోనియా వచ్చినవారిలో మాత్రం 5 శాతమే. ఐసీయూలో చేరినవాళ్లందరూ నీరసపడ్డవాళ్లే కదా, ఫ్లూ ప్రత్యేకత ఏమిటన్న అనుమానానికి ఆ పోలికే జవాబు. ఫంగస్ తోడైనవారిలో 90 రోజుల్లో 51 శాతం చనిపోతే, తోడవనివారిలో 28 శాతం చనిపోయారు.

ఇంకో వివరం కూడా ముఖ్యం. ఈ ఫంగస్ చాలామందిలో ఐసీయూలో చేరిన రెండు మూడు రోజుల్లోనే కనిపించింది. ముందు జాగ్రత్తగా పోసాకోనజోల్ అనే ఫంగస్ మందు ఇచ్చి చూద్దామని తరువాత జరిగిన పరిశోధన అందుకే ఎటూ తేలకుండా పోయింది. ఎక్కువ కేసులు చేరిన 48 గంటల్లోపే బయటపడ్డాయి. నివారించడానికి వ్యవధి ఏదీ?

ఎలుకల మీద జరిగిన పనులు మరో అంచె చూపాయి. ఫ్లూతో పోరాడేందుకు శరీరం విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ సంకేతాలే, ఫంగస్ మీదకు రావలసిన న్యూట్రోఫిల్స్‌ను వెనక్కి పట్టి ఉంచుతున్నాయి. ఒక శత్రువుకు ఎదురుగా సైన్యాన్ని మోహరించేసరికి రెండో వాకిలి ఖాళీ అయింది.

కొవిడ్, ఆస్పర్‌జిల్లస్: ఎంత నిజం, ఎంత అనుమానం

కొవిడ్ రాగానే యూరప్ వైద్యులు ఫ్లూ అనుభవంతోనే వెతకడం మొదలుపెట్టారు. ఇటలీలోని బొలోన్యాలో 2020లో వెంటిలేటర్ మీదున్న 108 మందిని క్రమం తప్పక పరీక్షిస్తే 30 మందిలో ఆస్పర్‌జిల్లోసిస్ ఉండవచ్చని తేలింది. వారిలో నెల రోజుల మరణాలు 44 శాతం, మిగిలినవారిలో 19 శాతం. వేరే చోట్ల నుంచి వచ్చిన లెక్కలు అతి తక్కువ శాతం నుంచి ముప్పై శాతం పైదాకా ఉన్నాయి. అదే సమయంలో 677 శవపరీక్షల నివేదికలను కలిపి చూసినవారికి చొరబడిన బూజు దొరికింది 2 శాతంలో మాత్రమే.

ఈ అంతరానికి మొదటి కారణం పరీక్షల్లోనే ఉంది. కళ్లెలో ఆస్పర్‌జిల్లస్ కనిపించినంత మాత్రాన అది కండలోకి దిగిందని కాదు. అక్కడ ఊరికే కాపురం ఉండొచ్చు. రక్తంలో చూసే గెలాక్టోమానన్ పరీక్ష కొవిడ్ రోగుల్లో చాలాసార్లు నెగటివ్ వస్తుంది. ఊపిరితిత్తులు కడిగి తీసిన నీటిలో చూస్తే మేలు. కానీ తొలి అలలో వైరస్ తమకు అంటుతుందన్న భయంతో అందుకు చేయాల్సిన బ్రాంకోస్కోపీకి వైద్యులు వెనకాడారు. ఐరోపా వైద్య మైకాలజీ సమాఖ్య మరికొన్ని సంస్థలతో కలిసి 2020 చివర్లో ‘ఖాయం, బహుశా, కావచ్చు’ అనే మూడు మెట్ల నిర్వచనం ఇచ్చాక లెక్కలు పోల్చదగ్గవి అయ్యాయి. శవపరీక్షల అంకె తక్కువ అని ఈ జబ్బును కొట్టిపారేయలేం. ఆ శవాలన్నీ ఐసీయూ రోగులవి కావు, వాళ్లలో కొందరికి ఫంగస్ మందు ముందే పడి ఉండవచ్చు. అలాగని ప్రతి పాజిటివ్ కళ్లెనూ చొరబాటుగా లెక్కేయలేం. ఫ్లూతో పోలిస్తే కొవిడ్‌లో ఈ ఫంగస్ ఆలస్యంగా, నెమ్మదిగా వస్తుందన్నది మాత్రం చాలా అధ్యయనాల్లో ఒకేలా కనిపించింది. ఆ ఆలస్యంలోనే మన మందుల పాత్ర మొదలవుతుంది.

ఐసీయూలో మరో ఫంగస్ కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి జులై వరకు ఢిల్లీలో 596 మంది కొవిడ్ ఐసీయూ రోగుల్లో 15 మంది రక్తంలో కాండిడా దొరికింది. మూడింట రెండు వంతులు మందులకు లొంగని కాండిడా ఆరిస్. రక్తనాళాల్లోకి వేసిన గొట్టాలు, వారాల తరబడి యాంటీబయాటిక్స్, నిండిపోయిన వార్డుల్లో కరువైన శుభ్రత దీనికి దారి వేశాయి. ఇక్కడ వైరస్ చేసిందల్లా మనిషిని ఐసీయూ మంచం దాకా చేర్చడం. మిగతా పని ఆ మంచం చేసింది.

కొవిడ్, మ్యూకర్: మూడు చేతుల పని

‘బ్లాక్ ఫంగస్’ అన్న పేరే తప్పు. నలుపు ఫంగస్‌ది కాదు. రైజోపస్ వంటి మ్యూకర్ జాతులు రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుపోయి లోపల రక్తం గడ్డకట్టిస్తాయి. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. రొట్టె మీద, కుళ్లిన పండు మీద పెరిగేది ఈ కుటుంబమే. మన దేశంలో కొవిడ్‌కు ముందే ఇది ప్రతి పది లక్షల మందిలో సుమారు 140 మందికి ఉందని ఒక అంచనా. మిగతా ప్రపంచం కంటే అది దాదాపు 70 రెట్లు.

మొదటి చెయ్యి షుగరుది. రక్తంలో చక్కెర పెరిగితే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి. కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లమైతే, ఇనుమును గట్టిగా పట్టుకునే ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలుతుంది. విడుదలైన ఆ ఇనుమే రైజోపస్‌కు విందు. ఒంట్లో అధిక ఇనుమును తీయడానికి వాడే డెఫెరాక్సమిన్ మందు మ్యూకర్ ముప్పును పెంచడానికి కారణం కూడా ఇదే. మనిషి నుంచి తీసిన ఇనుమును ఆ మందు బూజుకు అందిస్తుంది. దీనికి తోడు చక్కెర, ఇనుము, కీటోన్లు పెరిగినప్పుడు రక్తనాళాల లోపలి కణాల మీద జీఆర్‌పీ78 అనే ప్రొటీన్ ఎక్కువవుతుంది. ఫంగస్ తన పైపూతలోని కోట్‌హెచ్ ప్రొటీన్లతో దాన్నే పట్టుకుని లోపలికి దూరుతుంది. లాస్ ఏంజెలిస్ దగ్గర అష్రఫ్ ఇబ్రహీం బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఇది. హెచ్‌ఐవీ ఒక్కదానితో మ్యూకర్ ఎందుకు రాదో ఇక్కడ అర్థమవుతుంది. టి కణాలు పోయినా న్యూట్రోఫిల్స్ ఉన్నాయి, ఇనుము తాళం వేసే ఉంది.

రెండో చెయ్యి స్టెరాయిడ్‌ది. 2020లో బ్రిటన్ రికవరీ ట్రయల్ చెప్పినది స్పష్టం. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా 10 రోజులు. వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివారిలో లాభం కనిపించలేదు, అంకెలు నష్టం వైపే మొగ్గాయి. ఆ ఫలితం వల్ల లెక్కలేనంతమంది బతికారు. 2021 ఏప్రిల్‌లో మంచాలు దొరకని రోజుల్లో అదే మందు వాట్సాప్ చీటీల్లో తిరిగింది. ఆక్సిజన్ 97 ఉన్నవాళ్లు రెండో రోజే మొదలుపెట్టారు. కొందరు రెట్టింపు మోతాదులో వాడారు. కొందరు ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లు లేక వారాల తరబడి మింగారు. స్టెరాయిడ్ మాక్రోఫేజ్‌లను, న్యూట్రోఫిల్స్‌ను మొద్దుబారుస్తుంది, చక్కెరనూ పెంచుతుంది. ఉదయం వేసుకున్న మాత్ర చక్కెరను మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది. పరగడుపు పరీక్ష మాత్రమే చేయించుకుని ‘షుగర్ నార్మల్’ అనుకున్నవాళ్లు అలా మోసపోయారు.

మూడో చెయ్యి వైరస్‌దే. అది రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, రక్తం గడ్డకట్టిస్తుంది, ఇనుమును నిల్వచేసే ఫెరిటిన్‌ను పెంచుతుంది. తీవ్ర కొవిడ్ ఒత్తిడితో చక్కెర ఎన్నడూ పెరగనివారిలోనూ పెరిగింది.

ఈ మూడింటిలో ఎవరి వాటా ఎంత? 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు దేశంలోని 16 కేంద్రాల్లో 287 మంది మ్యూకర్ రోగులను చూసిన అధ్యయనంలో 187 మందికి కొవిడ్ ఉంది. 2019లో అవే నెలలతో పోలిస్తే కేసులు రెట్టింపు దాటాయి. అదింకా డెల్టా అలకు ముందు మాట. ఆక్సిజన్ పడిపోవడం, అనవసరపు స్టెరాయిడ్ ఈ రెండూ ఆలస్యంగా వచ్చిన మ్యూకర్‌తో ముడిపడి కనిపించాయి. దాదాపు మూడో వంతు మందికి కొవిడ్ తప్ప వేరే జబ్బేదీ లేదు. తరువాత 25 ఆస్పత్రుల్లో 1,733 మంది రోగులను, మ్యూకర్ రాని 3,911 మంది కొవిడ్ రోగులతో పోల్చినప్పుడు మధుమేహం అన్నిటికంటే బలమైన కారణంగా నిలిచింది. స్టెరాయిడ్, పల్లెలో నివాసం, జింక్ మాత్రల వాడకం కూడా జాబితాలో చేరాయి. జింక్ గురించి తొందరపడకూడదు. ఎక్కువ జబ్బుపడ్డవాళ్లే ఎక్కువ మాత్రలు మింగి ఉండొచ్చు. ఆవిరి పట్టడం, ఫ్రిజ్ రబ్బరు మీది నలుపు, ఉల్లిపాయ పొట్టు మీది మసి మీద వాట్సాప్‌లో తిరిగిన భయాలకు మాత్రం గట్టి ఆధారం లేదు. పరిశ్రమల ఆక్సిజన్‌దే తప్పన్నవారూ ఉన్నారు. కానీ ఆక్సిజన్ ముట్టని ఎందరికో ఈ జబ్బు వచ్చింది.

ఇతర దేశాల అనుభవం ఈ లెక్కను సరిచూస్తుంది. బ్రిటన్ కూడా అదే స్టెరాయిడ్ వాడింది, అక్కడ ఈ స్థాయిలో మ్యూకర్ రాలేదు. కాబట్టి స్టెరాయిడ్ ఒక్కటే దోషి కాదు. మన దేశంలో షుగర్ జబ్బు ఎప్పటినుంచో ఉంది, 2019లో ఇలాంటి ఉప్పెన లేదు. కాబట్టి షుగర్ ఒక్కటే కాదు. 2022 జనవరి ఒమిక్రాన్ అలలో కొవిడ్ ఊరూరా తిరిగింది, మ్యూకర్ వార్డులు నిండలేదు. ఆ అలలో ఊపిరితిత్తులు అంతగా చెడలేదు, స్టెరాయిడ్ అంతగా పంచలేదు. కాబట్టి వైరస్ సోకడమొక్కటే చాలదు. మూడు చేతులూ కలిసిన చోటే తలుపు తెరుచుకుంది.

చికిత్స చెప్పే నిజం

మ్యూకర్‌కు రక్త పరీక్ష ఆధారం దాదాపు లేదు. ఆస్పర్‌జిల్లస్‌ను పట్టించే గెలాక్టోమానన్ దీన్ని పట్టించదు. ముక్కులోంచి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద అడ్డుగోడలు లేని వెడల్పాటి పోగులను చూడాలి. ఆస్పర్‌జిల్లస్‌కు వాడే వోరికోనజోల్ దీని మీద పనిచేయదు. కాబట్టి పేరు తప్పు పెడితే మందూ తప్పుతుంది. చచ్చిన కండలోకి రక్తం పోదు, రక్తంతో పాటు మందూ పోదు. అందుకే కత్తి పడాలి, కొన్నిసార్లు కన్ను తీసేయాలి.

మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు కావాలి. 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. అలా కొన్ని వారాలు. 2021 మే నెలలో ఆ సీసాల కోసం బంధువులు చీటీలు పట్టుకుని ఊళ్లు తిరిగారు. కేంద్రం అప్పుడు హైదరాబాద్ నాట్కో సహా మరో ఐదు కంపెనీలకు తయారీ అనుమతి ఇచ్చింది, జూన్‌లో ఆ మందు మీద జీఎస్టీ ఎత్తేసింది.

క్రిప్టోకాకస్ దగ్గర కథ కొంత మెరుగైంది. 2022లో వెలువడిన యాంబిషన్ పరిశోధన, కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఆంఫోటెరిసిన్ ఇచ్చి, తరువాత రెండు వారాలు మాత్రలు వాడినా పాత పద్ధతికి తీసిపోదని ఆఫ్రికాలో చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది ఆ పద్ధతిని సిఫార్సు చేసింది, అక్టోబరులో 19 ఫంగస్‌ల ప్రాధాన్య జాబితా కూడా తెచ్చింది. క్రిప్టోకాకస్, కాండిడా ఆరిస్, ఆస్పర్‌జిల్లస్ అత్యంత ప్రమాదకర వర్గంలో, మ్యూకర్ జాతులు ఆ తరువాతి వర్గంలో ఉన్నాయి.

చివరికి మిగిలేది

ఈ సమీక్షంతా ఒక వాక్యంలో చెప్పమంటే ఇలా చెబుతాను: వైరస్ ఏ కాపలాను తీసేస్తుందో దాన్నిబట్టి ఫంగస్ వస్తుంది, మనం ఏం చేస్తామో దాన్నిబట్టి అది ఎంతమందికి వస్తుంది. హెచ్‌ఐవీలో సీడీ4 లెక్క చూసి క్రిప్టోకాకస్ యాంటిజెన్ ముందే వెతకడం మన చేతిలో ఉంది. ఐసీయూలో ఫ్లూ రోగి చేరగానే ఆస్పర్‌జిల్లస్‌ను అనుమానించడం మన చేతిలో ఉంది. కొవిడ్‌లో స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజే ఆపే తేదీ కూడా చీటీ మీద రాయడం, అన్నం తిన్న తరువాతి చక్కెర చూడడం మన చేతిలోనే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్కగట్టిన ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మనుషులకు షుగర్ జబ్బు ఉంది. రాబోయే వైరస్ పేరేమిటో ఎవరూ చెప్పలేరు. ఆ పది కోట్ల మంది ఇళ్లు మాత్రం అది వచ్చే దారిలోనే ఉన్నాయి. గ్లూకోమీటర్ ఫంగస్ మందు కాదు గానీ, 2021లో ఆరు సీసాల ఆంఫోటెరిసిన్ కోసం తిరిగిన ఎన్నో కుటుంబాలకు అంతకు మూడు వారాల ముందే అది అవసరమైంది.